దిసమొలయ్యకు కొలతలు

పాత గుళ్లు చూసే అలవాటున్న పిల్లలెవరైనా ఇది చదువుతుంటే నాదొక మాట. లోపలికి పోగానే విగ్రహం ఎదురుగా నిలబడి ఫోన్ తీయకండి. ముందు వెనక్కి వెళ్లండి. సందు ఇరుకుగా ఉంటుంది, గబ్బిలాల కంపు కొడుతుంది, బట్టలకు బూజు అంటుకుంటుంది. అయినా వెళ్లండి. శిల్పి ముందువైపు లోకం కోసం చెక్కుతాడు. వెనకవైపు ఎవరి కోసం చెక్కుతాడో నాకిప్పటికీ తెలియదు. ఉద్యోగంలో నేను చూసిన మంచి పని చాలావరకు అక్కడే ఉంది.

నా ఉద్యోగం పురాతన కట్టడాలను కొలిచి బొమ్మలు గీయడం. టేపు, దారానికి కట్టిన ఇత్తడి గుండు, పెన్సిళ్లు, మడత కుర్చీ. ఇదీ నా సరంజామా. ఇప్పుడు మీరు లేజరు యంత్రం మూడు కాళ్ల మీద నిలబెట్టి టీ తాగి వచ్చేలోగా గుడి మొత్తం కంప్యూటర్లోకి వచ్చేస్తుంది. మాకు ఒక్క స్తంభానికి ఒక పూట పట్టేది. అందుకు నాకేం విచారం లేదు. స్తంభంతో ఒక పూట గడిపితే అది మనకు కొంచెం తెలుస్తుంది.

రిటైరవడానికి కొన్నేళ్ల ముందు నన్ను ఆత్మకూరు వేశారు. వేశారు అనడమే సబబు. ఆ ఎండల్లోకి, ఆ రాళ్లలోకి పోవడానికి ఆఫీసులో ఎవరూ ఒప్పుకోలేదు. ఒకాయనకు నడుం నొప్పి, ఇంకొకాయనకు కూతురి పరీక్షలు. నాకు మొగుడూ పిల్లలూ లేరు కాబట్టి నడుం కూడా ఉండదని మా వాళ్ల లెక్క. డిపో దగ్గర మేడ మీద ఒక గది తీసుకున్నాను. పొద్దున ఉదయగిరి బస్సెక్కి మధ్యలో దిగి, బీడు భూముల్లో పడి నడిస్తే, చెరువున్న చిన్న ఊరొకటి దాటాక ఒక గుట్ట వస్తుంది. దాని మీద ఒక చిన్న జైన గుడి. సాయంత్రం అదే దారిన గదికి తిరిగి రావడం. ఆదివారాలు కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. అలాంటి రోజు నా చెవిన పడే మనిషి గొంతు బస్టాండు మైకు ఒక్కటే. నెల్లూరు బస్సు ఎప్పుడు, బద్వేలు బస్సు ఎప్పుడు అని అది చెబుతుంటే, నాకు పోవాల్సిన ఊరేదీ లేకపోయినా వింటూ ఉండేదాన్ని.

అంత తొందరగా ఆ గుడిని కొలిపించడానికి కారణం ఉంది. గుట్ట రాయి మంచి నల్లరాయి. క్వారీ కోసం ఒక కాంట్రాక్టరు అర్జీ పెట్టాడు. గుడి రక్షిత కట్టడాల్లో చేరితే గుట్ట మిగులుతుంది, చేరకపోతే గుడితో సహా కంకరైపోతుంది. చేర్చాలంటే ముందు నా బొమ్మలు కావాలి. తర్వాత పైనుంచి కమిటీ వచ్చి, చూసి, ఊ అనాలి. కథంతా ఆ ఊ కోసమే.

గుడిని చూసిన మొదటి రోజు నాకేమీ అనిపించలేదు. నిజం చెప్పాలంటే నిరాశపడ్డాను. నాలుగు స్తంభాల మండపం, దాని వెనక గర్భగుడి, పైన మెట్లు మెట్లుగా చిన్నవవుతూ పోయిన రాతి కప్పు. అంతే. ఏనుగులు లేవు, నాట్యగత్తెలు లేరు. స్తంభం కింద నలుపలక, నడుమ ఎనిమిది పలకలు, పైన మళ్లీ నలుపలక. ద్వారం మీది రాతికమ్మీ మధ్యలో మాత్రం మూడు గొడుగుల కింద బొటనవేలంత జినుడు కూర్చుని ఉంటాడు. వారం రోజులు కొలిచాక తెలిసింది, అది కట్టినవాళ్లు చెక్కడం రాక వదిలేయలేదని. ఎక్కడా సున్నం లేదు. ఏ రాయికారాయి తన బరువుతోనే కూర్చుంది. అంచులు గోరు దూరనంత దగ్గరగా ఉన్నాయి. గుడి ఉత్తరానికి తిరిగి ఉంది, అందుకని లోపలికి ఎండ పడదు. అలాగని చీకటీ ఉండదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే రకమైన వెలుతురు, ఒకే రకమైన చల్లదనం. అక్కడ కూర్చుంటే ఎవరూ లేకపోవడం ఒక లోటుగా అనిపించదు. గదికి వెళ్లాక అనిపించేది.

లోపల నిలువెత్తు పార్శ్వనాథుడు, జైన తీర్థంకరుడు. నల్లరాతి మనిషి. తలపైన ఏడు పడగల పాము. చేతులు తొడల పక్కన నిటారుగా వేలాడుతుంటాయి కానీ ఒంటికి తగలవు. చేతికీ నడుముకూ మధ్య రాయిని పూర్తిగా తొలిచేశాడు శిల్పి. ఆ సందులోంచి వెనక గోడ కనిపిస్తుంది. ఉలి ఒక్కసారి జారితే చెయ్యి ఊడిపోయే పని. వెనక్కి దూరి చూస్తే అసలు సంగతి ఉంది. పాము తోక మడమల దగ్గర మొదలై, వీపు మీదుగా మెలికలు తిరుగుతూ పైకెక్కి, భుజాల దగ్గర పడగ విప్పుతుంది. పొలుసు పొలుసూ చెక్కాడు. గోడకూ విగ్రహానికీ మధ్య నాలాంటి బక్కమనిషి పక్కవాటుగా దూరేంత సందే ఉంది. అక్కడ అంత పని ఎందుకు చేశాడా అని టార్చిలైటు పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాను.

ఆయన దిగంబరుడు. ఒంటి మీద నూలుపోగు లేదు. ఊళ్లో ఆయన పేరు దిసమొలయ్య.

రెండో రోజు నేను వెళ్లేసరికి దిసమొలయ్య నడుముకు ఎర్రగళ్ల తువాలు కట్టి ఉంది. ఎవరో ఆరేసుకున్నారనుకుని విప్పి పక్కన పెట్టి పని చేసుకున్నాను. మూడో రోజు మళ్లీ కట్టి ఉంది. విప్పుతుంటే వెనక నుంచి కేక పడింది.

"ఏంది తల్లీ ఆ పని? ఆడబిడ్డవి, ఆయన్ని అట్టా చూస్తావా?"

చెరువు కింద గుడిసెల్లో ఉండే అవ్వ. ఒంటరి మనిషి. కూలి దొరికితే కూలి, లేకపోతే చెరువులో చేపలు. గుడిని ఊడ్చేది ఆమే, ఎవరూ చెప్పకుండానే.

"కొలతలు తీసుకోవాలవ్వా. గుడ్డ ఉంటే కొలత రాదు" అన్నాను.

అవ్వ నా టేపును చూసింది, నన్ను చూసింది. మొహం విప్పారింది. "దర్జీదానివా? ముందే చెప్పకూడదా! గవుర్నమెంటోళ్లు బట్టలు కుట్టిస్తా ఉండారా ఆయనకి?"

నాకు నవ్వాగలేదు. కాదని చెప్పాను, బొమ్మ గీయడానికని చెప్పాను. బొమ్మకు కొలతలెందుకో ఆమెకు అర్థం కాలేదు. కొలతలు తీసుకునేది కుట్టడానికే గదా! సాయంత్రానికల్లా ఊరంతా పాకింది, దిసమొలయ్యకు ప్రభుత్వం పంచె, చొక్కా కుట్టిస్తోందని. బస్సు కోసం నిలబడితే ఒకావిడ "చేతులు పొడుగ్గా పెట్టించండి మేడం, చలికాలం" అని సలహా కూడా ఇచ్చింది. నేను పెద్దగా పట్టించుకోలేదు. గదికి వెళ్లాక ఎవరికైనా చెప్పి నవ్వుకుందామంటే ఎవరూ లేరు. నాలో నేనే నవ్వుకున్నాను.

అప్పటినుంచి మా ఇద్దరికీ అదొక ఒప్పందమైంది. పొద్దున నేను విప్పుతాను, సాయంత్రం ఆమె కడుతుంది. విప్పేటప్పుడు ఆమె బయటికి వెళ్లి అటు తిరిగి కూర్చునేది. ఒకరోజు ఆమెకు విడమరిచి చెప్పబోయాను. ఈయన రాజు కొడుకని, అన్నీ వదిలేశాడని, ఆఖరికి బట్టకూడా వదిలేశాడని, అదే ఆయన గొప్పతనమని.

అవ్వ బాగానే విన్నది. విని, "ఆయన వొదిలేసినాడే అనుకో. ఆయన వొదిలేసినాడని మనం గూడా ఆయన్ని వొదిలేస్తే ఎట్టా?" అంది.

నేను టేపు చుట్టేసి పెన్సిలు తీసుకున్నాను.

ఇంకోసారి కాల్చిన చేప ఆకులో పెట్టి తెచ్చి ఆయన పాదాల ముందు పెట్టింది. నేను హడలిపోయాను. దారిలో చీమను కూడా తొక్కకుండా నడిచే వాళ్ల దేవుడాయన.

"ఆయనకి చేపలు పెట్టకూడదవ్వా. దేన్నీ చంపొద్దంటాడు."

అవ్వ చేప వంక, ఆయన వంక చూసి కాసేపు ఆలోచించింది. ఆకు తీసి నా ముందు పెట్టింది. "అయితే నువ్వు తిను. నువ్వేం అనవు గదా."

తిన్నాను. దిసమొలయ్య ఎదురుగానే తిన్నాను. ఆత్మకూరులో నా కోసం ఎవరైనా వండిన మొదటి తిండి అదే. ముక్క పక్కన పెట్టి కళ్లు తుడుచుకుంటే, ముల్లు గుచ్చుకుందేమోనని ఆమె కంగారుపడింది.

ఊరి పెద్దాయన సంగతి చెప్పాలి. చెరువు కింద మాగాణి చాలావరకు వాళ్లదే. పంచాయతీ ఎవరి పేరున ఉన్నా మాట ఆయనదే. మనిషి మంచివాడు, మాట కరుకు. క్వారీ ఆపమని ఊరి తరఫున ఒక మాట చెప్పించండని అడిగాను. మీసం దువ్వుకుని అన్నాడు కదా, "క్వారీ వస్తే మా పిల్లకాయలకి పని దొరకతాది మేడం. వద్దనేదానికి ఏం చెప్పాల? దేవుడుండాడంటారా? ఆయన మా దేవుడో కాదో తేలితే గదా! పూజ లేదు, పునస్కారం లేదు. మా నాయన కాలం నించీ అట్టానే నిలబడి ఉండాడు."

"పోనీ కమిటీ వచ్చే రోజుకి ముళ్లకంపలైనా కొట్టించండి. గుట్టెక్కడానికి దారుండాలి."

"అది చేస్తాంలే. ఊరికి పెద్దోళ్లు వస్తా ఉంటే మాకు మర్యాద తెలవదా?"

ఆ మర్యాద మాట దగ్గర నేను ఆగి ఉండాల్సింది. మన పల్లెల్లో మర్యాదంటే ఏమిటో తెలియనిదాన్నా నేను? కలెక్టరొస్తే బడికి సున్నం, మంత్రొస్తే రోడ్డుకు మట్టి. కానీ బొమ్మలు పూర్తయిన సంతోషంలో ఉన్నాను. సిరా దిద్దించడానికి వాటిని తీసుకుని నెల్లూరు వెళ్లి, వారం తర్వాత కమిటీ జీపులోనే తిరిగొచ్చాను. దారి పొడుగునా కమిటీ పెద్దసారుకు ఆ గుడి గురించి చెబుతూనే ఉన్నాను. రంగు లేని రాయి అందం, ఏమీ చెక్కకుండా వదిలేసిన చోట్ల అందం. అంత మాట్లాడి ఎన్నాళ్లయిందో. ఆయన కూడా ఆసక్తిగా వింటున్నాడు.

గుట్ట కింద దిగేసరికి పైన మైకు మోగుతోంది.

ముళ్లకంప కొట్టారు. మెట్లకు ఎర్రటి జాజు, ముగ్గు. గుడికి తెల్ల సున్నం. స్తంభాలు కింద నీలం, నడుమ పసుపు, పైన మళ్లీ నీలం. నలుపలక, ఎనిమిది పలకలు అని నేను అంత మురిసిన తేడాలను రంగులవాడు కూడా గమనించాడన్నమాట. కలిగిరి నుంచి పిలిపించారట. లారీలకూ ట్రాక్టర్లకూ రంగులు వేసే బొజ్జాయన. లోపల దిసమొలయ్యకు ఒళ్లంతా బంగారు రంగు ఎనామిల్. పడగలకు వెండి రంగు. పెదాలకు ఎరుపు. తెల్లగా కళ్లు, కళ్లలో నల్లటి గుడ్లు. నడుముకు జరీపంచె. ఎన్నో వందల ఏళ్లు రెప్ప వాల్చుకుని తనలోకి తాను చూసుకుంటూ ఉన్నవాడు ఇప్పుడు గుడ్లురిమి మమ్మల్ని చూస్తున్నాడు.

పెద్దాయన కొత్త చొక్కాతో ఎదురొచ్చాడు. చేతుల నిండా దండలు. "ఎట్టుండాది మేడం? మీరు కొలతలు తీసుకపోయినారు. ఎదురు చూసినాం, బట్టలు రాలా. పెద్దోళ్లు వస్తా ఉండారు, మీరేమో ఆడమనిషి. దిసమొలతో దేవుణ్ణి చూపిస్తే ఊరికి సిగ్గుగాదా? ఇంటింటికీ చందా ఏసి మేమే కట్టించినాం. పాము ఉండాదిగదా, నాగేంద్రస్వామి అని పేరు గూడా పెట్టినాం."

అవ్వ మండపం మూల నిలబడి నన్నే చూస్తోంది. మొహంలో ఎంత వెలుగో! "ఇంక తువాల్లతో పనిలేదు తల్లీ" అంది.

పెద్దసారు గుడి చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. దండ వేయించుకున్నాడు, కొబ్బరిచిప్ప తీసుకున్నాడు. తర్వాత నా బొమ్మలు ఒకసారి, గుడి ఒకసారి చూసి మెల్లగా అన్నాడు, "అమ్మా, మీరు గీసిన గుడి ఇక్కడ లేదు. ఉన్నదాన్ని నేనేమని రాయను?" ఆయనను తప్పు పట్టను. ఏమి చూశాడో అదే రాయాలి.

నేను విగ్రహం వెనక్కి వెళ్లాను. ఏడవడానికి ఆ గుడిలో ఇంకో చోటు లేదు. గోడకు ఆనుకుని తల తిప్పితే వీపు కనిపించింది. నల్లటి వీపు. మెలికలు, పొలుసులు, అన్నీ ఉన్నవి ఉన్నట్టే. రంగులాయన బొజ్జ ఆ సందులో పట్టలేదు. ఏడుపులోనే నవ్వొచ్చింది. రెండు అరచేతులూ ఆ వీపుకు ఆనించి, బయట జీపు హారన్ కొట్టేదాకా అలాగే నిలబడ్డాను.

కమిటీ వద్దని రాసింది. నా బొమ్మలు బీరువాలోకి, నేను వేరే జిల్లాకు. క్వారీకి ఇక అడ్డం లేదు. ఏ రోజు పేపరు విప్పినా ఆ గుట్ట పేలుడు వార్త ఉంటుందేమోనని వెతికేదాన్ని.

రాలేదు. జరిగింది తర్వాత తెలిసింది. కాంట్రాక్టరు మిషన్లు దించే రోజున ఊరంతా గుట్టెక్కి కూర్చుంది. అందరికంటే ముందు పెద్దాయన. "మా నాగేంద్రస్వామి కొండ మీద చెయ్యేస్తే చూడు" అన్నాడట. దిసమొలయ్య కోసం ఒక్క మాట చెప్పనివాళ్లు, చందాలేసుకుని రంగు వేయించుకున్న దేవుడి కోసం ప్రాణమిస్తామన్నారు. కాంట్రాక్టరు కూడా మనిషే, దైవభక్తి ఉంది. లెంపలేసుకుని, కొబ్బరికాయ కొట్టి, గుడికి ఇనుప గేటు, గర్భగుడికి గ్రిల్లు చేయించి వెళ్లిపోయాడు. గేటు మీద పెద్ద అక్షరాలతో ఆయన పేరుంది.

నేను అన్ని నెలలు కొలిచి గీసిన బొమ్మలు చేయలేని పనిని లారీల రంగు డబ్బాలు చేసిపెట్టాయి. ఇది తలుచుకుంటే ఇప్పటికీ ఒక పక్క సంతోషం, ఒక పక్క మంట. గుడి బతికింది. నేను చూసిన గుడి పోయింది. దాన్ని అలా చూసినవాళ్లు ఇంకెవరూ లేరు కాబట్టి పోయిందని చెప్పుకుని బాధపడటానికి కూడా నాకు తోడు లేదు.

రిటైరయ్యాక మొన్న వెళ్లాను. అదే బస్సు, అదే బీడు. గుట్ట కింద మెట్టు మీద అవ్వ కూర్చుని ఉంది. బాగా వంగిపోయింది. గొంతు వినగానే గుర్తుపట్టింది. "దర్జీ తల్లీ!" అంది.

"పైకి రా అవ్వా, పోదాం."

"నేను పోను తల్లీ. అయ్యోరుండాడు ఇప్పుడు. గేటుండాది, తాళముండాది. పెద్దోళ్లు వచ్చిపోయే తావు."

"రావద్దన్నారా ఎవరైనా?"

"ఎవురూ అన్లా. ఎవురూ రమ్మన్లా గూడా."

అంతే చెప్పింది. ఊడ్చేదానికి ఇప్పుడు జీతం మనిషి ఉందట. కట్టడానికి జరీపంచెలు పెట్టె నిండా ఉన్నాయట. ఆయన్ని ఎప్పుడు చూశావంటే, గేటు పెట్టినప్పటినుంచి చూడలేదంది. ఆయన కోసం గుట్టనంతా కాపాడుకున్నారు, ఆయన్ని ఒక్క పొద్దూ వదిలిపెట్టని మనిషిని కింద వదిలేశారు. నా కంటే ఒంటరిది ఆ ఊళ్లో ఒకతె ఉందని అప్పుడు తెలిసింది.

పెద్దాయనకు ఫోన్ చేస్తే మేడం వచ్చిందని తాళం పంపాడు. నేను కదలబోతుంటే అవ్వ కొంగు లాగింది. ఒళ్లో మూట విప్పి ఒక తువాలు తీసింది. ఎర్రగళ్లది, మడత నలగని కొత్తది.

"ముందరకే గదా వాళ్లు కట్టేది? ఎనకాల ఎవురు చూస్తారు? ఆ ఈపు దిసమొలతోనే ఉంటాది. నీకు తెలుసు గదా ఆ సందు. కప్పి రా తల్లీ."

నేను అన్ని మైళ్లు వచ్చింది ఆ వీపు కోసమే. గుడి మొత్తంలో రంగు పడకుండా మిగిలిన ఆ కాస్త రాయిని ఒక్కసారి చూసుకుందామని. చూశాను. ఇప్పుడు నేనూ లావెక్కాను, ఊపిరి బిగబట్టి దూరాల్సి వచ్చింది. మడమల దగ్గర్నుంచి భుజాల దాకా పామును వేళ్లతో తడిమాను. ఒక్క పొలుసు కూడా చెక్కుచెదరలేదు. తర్వాత తువాలు విప్పి, భుజాల మీదుగా తెచ్చి, చేతులకూ నడుముకూ మధ్య శిల్పి తొలిచిన ఆ సందుల్లోంచి కొసలు దూర్చి, పంచె లోపలికి ముడి వేశాను. రాయి కనిపించకుండా పూర్తిగా కప్పాను. రాళ్ల మీద కప్పినవి తీసి కొలవడమే నా ఉద్యోగం. ఒక శిల్పాన్ని నా చేత్తో కప్పింది మాత్రం ఆ ఒక్కసారే.

కిందికి దిగేసరికి అవ్వ అటు తిరిగి కూర్చుని ఉంది, వెనకటి రోజుల్లో నేను తువాలు విప్పేటప్పుడు కూర్చున్నట్టే.

"కట్టినావా?"

"కట్టాను అవ్వా."

"ఈపు సల్లగా ఉండాదా?"

"చాలా చల్లగా ఉంది."

అవ్వ నా చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని రుద్దింది. "కప్పినావు గదా," అంది. "ఇంక ఎచ్చబడతాదిలే."